చివరి గుండీ దారం

మా వీధిలో నన్ను కత్తెరమ్మ అంటారు. నా చేతిలో కత్తెర ఎప్పుడూ ఉండేది కాదు. అది నా నోట్లోనే ఉండేది, అందుకని ఆ పేరు.

మా ఆయన కోట్లు కుట్టే టైలరు. కొలతలు, కత్తిరింపు, మిషను పని ఆయనవి. కాజాలు, చేతి హెమ్మింగు, గుండీలు నావి. పెళ్ళైన కొత్తలో ఓ కోటుకి నేను చివరి గుండీ కుట్టడం పూర్తిచేస్తే, ఈ మహానుభావుడు కత్తెర ఎక్కడ పెట్టాడో మర్చిపోయి బల్ల కింద దూరి వెతుకుతున్నాడు. కోటు తీసుకెళ్ళాల్సినాయన గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. నాకసలే ఓపిక తక్కువ. వంగి దారం పుటుక్కున కొరికేసి, "అయింది, తీసుకెళ్ళండి" అన్నాను. కత్తెర ఆయన మెడలోని టేపుకి చిక్కుకుని వీపు మీద వేలాడుతోందని తర్వాత చూశాం.

ఆ కోటు వేసుకున్నాయనకి ఏం కలిసొచ్చిందో, వారం తిరక్కుండా ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇంకేముంది, అప్పట్నించీ ఏ కోటుకైనా చివరి గుండీ దారం నేను కొరకాల్సిందే, "అయింది" అనాల్సిందే. నేను ఆ మాట అనేదాకా మా ఆయన కోటుని హ్యాంగరుకి తగిలించేవాడు కాదు. కత్తెరమ్మ కొరికిన గుండీ ఊడదని వీధిలో ఓ నమ్మకం కూడా బయల్దేరింది. ఊడదు మరి, కుట్టింది ఎవరనుకున్నారు?

కొట్లో మిషను పక్కన నాదో స్టూలు ఉండేది. దాని మీద నేనే కుట్టుకున్న నీలం దిండు. అక్కడ కూచుంటే వీధంతా నాకు కనిపిస్తుంది, వీధికి నేను కనిపిస్తాను. నా సంసారం ఇంట్లో కంటే ఆ స్టూలు మీదే ఎక్కువ గడిచిందంటే అబద్ధం కాదు.

అన్నేళ్ళు దారాలు కొరికితే పన్ను ఊరుకుంటుందా? పై పళ్ళలో ముందున్నదానికి సన్నటి గాడి పడింది. దారం పెడితే సరిగ్గా వెళ్ళి అందులో కూచునేది. చేతులు కాయలు కాసినవాడు చేతుల్ని దాచుకోనట్టు, నేనూ ఆ పన్నుని ఎప్పుడూ దాచుకోలేదు. ఆ తర్వాత చిగుళ్ళ జబ్బొచ్చి, ముందు పళ్ళు నాలుగూ ఒకదాని వెనక ఒకటి కదిలి వెళ్ళిపోయాయి, గాడి పన్నుతో సహా. ఓ డాక్టరు తీసి పెట్టుకునే పళ్ళసెట్టు ఇచ్చాడు. అది పెట్టుకుంటే నోట్లో ఎవరో అద్దెకి దిగినట్టుండేది. మాట్లాడితే టకటక, నమిలితే కింద నలుసులు. అయినా సర్దుకున్నాను, స్టూలు వదల్లేదు.

ఆ రోజు బస్సు డ్రైవరు కోటు. మనిషి తలుపంత ఉంటాడు, కోటు కూడా దుప్పటంత. చివరి గుండీ కుట్టి, దారం పళ్ళ మధ్య పెట్టి గట్టిగా లాగాను. దారం తెగలేదు, సెట్టు వచ్చేసింది. నేను నోరు మూసుకునేలోపే మా ఆయన అలవాటు ప్రకారం కోటుని భుజాల దగ్గర పట్టి పైకెత్తి డ్రైవరుకి చూపించాడు. చివరి గుండీ కింద, దారానికి చిక్కుకుని, నా నాలుగు పళ్ళూ ఊగుతున్నాయి.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నేనైతే ఎదుటి మనిషి నవ్వనందుకు ఏడ్చాను. ఆ డ్రైవరు పగలబడి నవ్వి ఉంటే నాలుగు తిట్టి నేనూ నవ్వేసేదాన్ని. ఆయన పాపం మర్యాదస్తుడు. తల పైకెత్తి ఫ్యాను వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ ఫ్యాను తిరగడం కూడా లేదు. నాకు తల తీసేసినట్టయింది. పళ్ళని దారంలోంచి విడిపించి రుమాల్లో చుట్టుకుని ఇంటికి బయల్దేరాను. కొట్టుకీ ఇంటికీ మధ్య రెండు వీధులు. ఆ రెండు వీధులూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నడిచాను.

మర్నాడు కొట్టుకి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మా ఆయన రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు, నాకు అదే ఎక్కువ మండింది. రమ్మంటే రానని చెప్పడానికి ఎంత బాగా సిద్ధమై కూచున్నానో! ఈ మనిషికి కత్తెర దొరికినట్టుంది, ఇంక నాతో పనేముంది అనుకున్నాను. నా బెంగంతా అదే. పళ్ళు పోతే పోయాయి, వాటితోపాటు ఆ స్టూలు కూడా పోయిందేమోనని.

చూడ్డానికొచ్చిన కూతురు నా మూతి చూసి కూచోకుండానే మొదలెట్టింది.

"అమ్మా, ఇంప్లాంట్లని ఉన్నాయి. ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పళ్ళు కడతారు. లాగినా ఊడవు. పద వెళ్దాం."

"ఈ వయసులోనా? కూలిపోయే ఇంటికి కొత్త తలుపులెందుకే?"

"కూలినప్పుడు చూద్దాంలే. తలుపు లేక ముందు ఈగలు దూరుతున్నాయి," అంది.

నా కూతురే. ముక్కు వాళ్ళ నాన్నది, నోరు నాది.

ముగ్గురం కలిసి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చూస్తే చిన్నపిల్ల, మాట మాత్రం పెద్దముత్తయిదువలా ఉంది. ఎక్స్‌రే ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, "మీ వయసుకేం అడ్డం లేదమ్మగారూ. ఎముక బాగుండాలి, షుగరు అదుపులో ఉండాలి, చిగుళ్ళు శుభ్రంగా ఉండాలి. ఇంతే నాకు కావాల్సింది," అంది. నాలుగు పళ్ళకి రెండు స్క్రూలు చాలట. వాటి మీద నాలుగూ వంతెనలాగా నిలబడతాయట. కానీ ఎముక ఆ స్క్రూల్ని గట్టిగా పట్టుకోడానికి నెలలు పడుతుందట.

"గోడకి మేకు కొట్టినట్టా డాక్టరుగారూ?" అన్నాడు మా ఆయన.

"మేకు కొట్టాక గోడే దాని చుట్టూ పెరిగి పట్టేసుకుందనుకోండి. అలా."

మా ఆయన తలూపాడు గానీ చూపు ఆమె మొహం మీద లేదు, ఆమె తెల్లకోటు మీద ఉంది. ఎవరు కుట్టారో ఆ కోటు, భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయి ఏడుస్తోంది. నేను కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుంటే, ఈయన వెనకాల నిలబడి టేపు లేకుండా చూపుతోనే ఆమె కొలతలు తీసుకుంటున్నాడు. అయ్యాక ఆమెని పక్కకి పిలిచి గుసగుసగా ఏదో అడిగాడు కూడా. కోటు సంగతే అనుకున్నాను. కుక్క తోక వంకరన్నట్టు టైలరు బుద్ధి టైలరుదే.

స్క్రూలు బిగించినప్పుడు నొప్పి లేదు, మత్తు దిగాక తెలిసింది. మూతి బుంగలా వాచింది. మెత్తటి తిండి తిని తిని నాలిక చచ్చుబడిపోయింది. పళ్ళొచ్చేదాకా పాత సెట్టుని సరిచేసి ఇస్తాను, పెట్టుకోండి అంది డాక్టరమ్మ. ఆ సెట్టు మొహం చూడనని సొరుగులో పడేశాను. వాపు తగ్గింది గానీ నా ఉత్సాహం కూడా దాంతోపాటే తగ్గింది. మళ్ళీ చిగురు తెరవాలి, మళ్ళీ అచ్చులు తియ్యాలి, మళ్ళీ ఆ కుర్చీ. ఎవరి కోసం? కొట్టు నడుస్తూనే ఉంది కదా, నేను లేకుండానే. ఇంక చాలు, ఈ రెండు స్క్రూలతోనే బతికేస్తాను, రెండో సగం చేయించుకోనని కూతురికి ఫోనులో చెప్పేశాను. అది అరిచింది. నేను ఫోను పెట్టేశాను.

అప్పటికి చలి ముదిరింది, జనం కోట్లు బయటికి తీశారు. మా వంటింటి కిటికీలోంచి బస్టాపు కనిపిస్తుంది. ఓ పొద్దున గిన్నెలు తోముతూ చూద్దును కదా, మన డ్రైవరు నిలబడి ఉన్నాడు, ఆ దుప్పటంత కోటు వేసుకుని. చివరి గుండీ నుంచి దారం మోకాలి దాకా వేలాడుతోంది. గాలికి జెండాలా ఎగురుతోంది కూడా. నా చేతిలో గిన్నె జారింది. మా కొట్లోంచి అలాంటి కోటు బయటికి రావడమే!

అక్కడితో ఆగిందా? మర్నాడు బేకరీ ఆవిడ కొత్త కోటులో పోతోంది, దారం గుండీకి చుట్టచుట్టి ఉంది. ఆ తర్వాత బడి హెడ్‌మాస్టరు, దారాన్ని జాగ్రత్తగా జేబులోకి దోపుకుని మరీ నడుస్తున్నాడు. మా ఆయనకి చూపు తగ్గిపోయింది, పని చెడిపోతోంది, పక్కన నేను లేకపోతే ఇదీ వరస అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, పరువు పోతోందని ఏడుపు ఓ పక్క, నేను లేకపోతే పని చెడిందని సంతోషం ఓ పక్క.

"ఏవండీ, కళ్ళు పరీక్ష చేయించుకోండి," అన్నాను భోజనాల దగ్గర. "వీధి నిండా దారాలే వేలాడుతున్నాయి."

"అలాగా," అన్నాడు.

"అలాగా ఏమిటి! ఇన్నేళ్ళ పరువు!"

"చూద్దాంలే," అని ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

పళ్ళు పటపటా కొరుకుదామంటే పళ్ళేవీ?

రొట్టె కోసం బేకరీకి వెళ్ళాను, మూతికి మఫ్లరు చుట్టుకుని. ఆవిడ నన్ను చూస్తూనే అంతమంది ముందూ గట్టిగా అడిగేసింది, "ఏం కత్తెరమ్మా, పళ్ళు ఎంతవరకొచ్చాయి?"

వరసలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. నాకు ఒళ్ళు భగ్గుమంది. "నా పళ్ళ సంగతి నీకెవరు చెప్పారు?"

"మీ ఆయనే. మా అందరికీ చెప్పాడు. 'కోటు ఇంకా పూర్తవలేదమ్మా. కానీ చలి ఆగదు కదా, వేసుకోండి. చివరి గుండీ దారం మాత్రం కొయ్యొద్దు. మా ఆవిడకి పళ్ళు కడుతున్నారు, అవి రాగానే తీసుకురండి' అన్నాడు. మొన్న మా ఆయన కత్తెర పట్టుకొస్తే చెయ్యి మీద ఒక్కటిచ్చాను. కానీ తల్లీ, కాస్త తొందరగా రప్పించు. రోజుకోసారి తలుపు సందులో పడి నన్ను వెనక్కి లాగేస్తోంది ఈ దారం."

ఇంటి గుట్టు వీధిన పెట్టాడని ముందు మండిపోయాను. రొట్టె తీసుకోవడం కూడా మర్చిపోయి, నాలుగు దులిపేద్దామని చరచరా కొట్టు వైపు నడిచాను. రోడ్డుకి ఇవతలే కాళ్ళు ఆగిపోయాయి. అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. నా స్టూలు ఎక్కడిదక్కడే ఉంది, నీలం దిండు దుమ్ము లేకుండా దాని మీదే ఉంది. కోటు కొలతకొచ్చిన ఎవరో పెద్దమనిషి దాని మీద కూచోబోయాడు. మా ఆయన పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడలేక, రెండు చేతులూ ఊపేస్తూ ఆయన్ని లేపి, అవతలున్న కుర్చీ చూపించాడు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడ్చినా ముక్కు కారుతుంది, అదో తంటా. లోపలికి వెళ్ళలేదు. ఇంటికొచ్చి కూతురికి ఫోను చేశాను.

"డాక్టరమ్మని అడుగు. రెండో సగానికి ఎప్పుడు రమ్మంటుంది?"

"మొన్నేగా రానన్నావు?"

"మొన్నటి మాట మొన్నే. వీధంతా నా పళ్ళ కోసం కాచుకుని కూచుంది, తెలుసా?" అన్నాను.

ఎముక స్క్రూల్ని గట్టిగా పట్టుకుందట. డాక్టరమ్మ సన్నటి పనిముట్టుతో టిక్కుటిక్కున తట్టి చూసి మురిసిపోయింది. అచ్చులు తీసింది, రంగు పోల్చింది. అప్పుడు నేను నా కోరిక బయటపెట్టాను.

"అమ్మా, ముందున్న ఈ పంటికి చిన్న గాడి పెట్టించు. ఇక్కడ, సరిగ్గా ఇక్కడ."

"గాడా? ఎందుకు?"

చెప్పాను. ఆమె చేతి తొడుగులు తీసేసి నా ఎదురుగా కూచుంది. "అమ్మగారూ, వినండి. వీటితో ఆపిల్ తినండి, క్యారెట్ తినండి, మీ ఆయన్ని తిట్టండి. దారం మాత్రం కొరకొద్దు. ఎప్పటికీ. పైనున్న పింగాణీ పెచ్చు లేచిందంటే పెట్టిన కష్టమంతా దండగ."

పళ్ళు పెట్టిన రోజు అద్దం చేతికిచ్చింది. నా మొహం నాకు తిరిగొచ్చింది. నవ్వి చూశాను, బాగుంది. ఇంటికొచ్చి ఓ క్యారెట్ తీసుకుని కరకరలాడిస్తే పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది. అంత ఆనందంలోనూ గుండెలో రాయి. వీధిలో అన్ని దారాలు నా కోసం వేలాడుతున్నాయి, నేనేమో కొరక్కూడదు. ఇంక ఏ మొహం పెట్టుకుని ఆ స్టూలెక్కను? మా ఆయనకి ఆ రోజు చెప్పలేకపోయాను. ఆయన నా నోటి వంకే చూస్తూ, "బాగున్నాయే," అంటుంటే ఇంకో క్యారెట్ తీసుకుని కొరికాను.

మర్నాడు కొట్టుకి వెళ్ళేసరికి గుమ్మం దాకా జనం. ఎండలు మొదలైపోయాయి, అయినా అందరూ కోట్లు తొడుక్కుని చెమటలు కక్కుతున్నారు. హెడ్‌మాస్టరు జేబులోంచి దారం తీసి విప్పుకుంటున్నాడు. బేకరీ ఆవిడ ఎప్పుడెప్పుడా అని ఊగిపోతోంది. వెళ్ళి నా స్టూలు మీద కూచున్నాను. దిండు అదే మెత్తన. మొదటి హక్కు డ్రైవరుదని అంతా ఒప్పుకున్నారు. ఆయన నాకందేలా మోకాళ్ళ మీద కూచున్నాడు. దారం చేతిలోకి తీసుకున్నాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అని నోటి దాకా తెచ్చాను కూడా.

"అమ్మగారూ!" అని గుమ్మంలోంచి కేక. చూస్తే డాక్టరమ్మ. ఒంటి మీద కొత్త తెల్లకోటు, భుజాలు కొలిచి పోసినట్టున్నాయి. చివరి గుండీకి జానెడు దారం.

దారం వదిలేశాను. దాచి లాభం లేదు. "కొరక్కూడదట," అన్నాను అందరికీ వినబడేలా. "ఎప్పటికీ కొరక్కూడదట. మీరంతా అనవసరంగా కాచుకున్నారు."

డ్రైవరు మెల్లిగా తల పైకెత్తాడు.

"వద్దు నాయనా," అన్నాను, "మళ్ళీ ఆ ఫ్యాను వంక చూడకు!"

ఈసారి మాత్రం ఆయన ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వుకి అద్దాలు అదిరాయి, దాంతో అందరూ అందుకున్నారు. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. కత్తెర తీసుకుని నా దగ్గరికొచ్చాడు.

"దారం పళ్ళ మధ్య పట్టుకో. కొరక్కు, ఊరికే పట్టుకో," అని డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తలూపింది.

పట్టుకున్నాను. కత్తెర నా పెదాల దగ్గరికి తెచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి అంత మంది ముందు నా మొహానికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. కిచుక్కుమంది కత్తెర. దారం తెగింది. మా ఆయన ఆ కోటు అంచు వదల్లేదు, నా మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకా ఏమిటి?" అన్నాను.

"ఆ మాట అనవే."

"అయింది," అన్నాను. "తీసుకెళ్ళండి."

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. పట్టుకోవడం, కిచుక్కు, అయింది. బేకరీ ఆవిడ తన దారం ముక్కని పర్సులో దాచుకుంది కూడా. చివరికి డాక్టరమ్మ వచ్చి నా ముందు నిలబడి, మా ఆయన్ని చూసి నవ్వింది.

"ఈయన మొదటి రోజే నన్ను పక్కకి పిలిచి అడిగారు, కొత్త పళ్ళతో దారం కొరకొచ్చా అని. కుదరదన్నాను. 'అయితే ఆ ముక్క చివరిదాకా ఆవిడకి చెప్పకండి' అన్నారు. మీరు గాడి అడిగేదాకా నేనూ నోరు విప్పలేదు."

నేను మా ఆయన వైపు తిరిగాను. "అంటే మొదట్నించీ తెలుసా మీకు? తెలిసి వీధంతా దారాలు వేలాడదీశారా? కోసేది కత్తెరే అయితే నా పళ్ళెందుకు? బోసినోటితో వచ్చి పట్టుకోలేనా పెదాలతో?"

"చెబితే నువ్వు డాక్టరమ్మ కుర్చీ ఎక్కేదానివా?" అన్నాడు.

"అయినా..."

"ఆ రోజు నీ వెనకాలే వచ్చాను, ఇంటి దాకా. రెండు వీధులూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచావు. దారం సంగతి నాకు పట్టలేదే. ఆ చెయ్యి దించాలి, అంతే అనుకున్నాను."

నా దగ్గర జవాబు లేక కాదు. డాక్టరమ్మ కోటు దారం అప్పటికే పళ్ళ మధ్య పెట్టుకున్నాను, మాట్లాడ్డానికి వీల్లేదు. మా కాపురంలో చివరి మాట ఆయనకి దక్కడం అదే మొదటిసారి. ఆయన ఒంగి దారం కత్తిరించాడు.

"అయింది," అన్నాను. నవ్వుతూనే అన్నాను, నోరంతా తెరిచి. నా రెండు చేతులూ కోటు మీదే ఉన్నాయి.